నానోమీటరుకు మిల్లీమీటరు: మా బడి సెంట్రియోల్ డైరీ

జనవరి 20

సంక్రాంతి సెలవుల తరువాత మొదటి జీవశాస్త్రం పీరియడ్. తొమ్మిదో తరగతికి కణాంగాల పాఠం మళ్లీ తిరగేస్తున్నాను. సెంట్రియోల్స్ దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ చెప్పే మాటలే చెప్పాను. జంతుకణంలో కేంద్రకం పక్కన రెండు ఉంటాయి, కణం విడిపోయేటప్పుడు క్రోమోసోములను పంచే కండె పోగులు ఏర్పడటానికి తోడ్పడతాయి, మొక్కల్లో ఉండవు. మూడో బెంచీలో కూర్చునే పాటూరు అమ్మాయి లేచింది. "మొక్కల్లో లేకపోతే ఉల్లిపాయ వేరులో కణాలు ఎట్టా విడిపోతున్నాయి టీచర్? డిసెంబర్‌లో మనమే చూశాం గదా" అంది.

మొక్కలు ఇంకో పద్ధతిలో కండెను కట్టుకుంటాయని చెప్పాను. అది తప్పు కాదు. కానీ ఆ పిల్ల ప్రశ్నలో అసలు సంగతి వేరే ఉంది. ఉల్లిపాయకు లేకుండా గడిచిపోతున్న వస్తువు మనకెందుకు? సాయంత్రం కోవూరు బస్సులో కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. పదిహేనేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఇంతవరకూ ఈ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పలేదు.

జనవరి 22

పిల్లల దగ్గరున్న గైడు ఒకటి తీసుకుని చూశాను. "సెంట్రియోల్స్ లేనిదే కణవిభజన జరగదు. ఒప్పా, తప్పా?" అని ఒక బిట్టు. జవాబు ఒప్పు అని వేశారు. దాని కిందే "నాడీకణాల్లో సెంట్రియోల్స్ ఉండవు కాబట్టి అవి విభజన చెందవు" అని ఇంకొకటి. రెండూ సరికాదు. మెదడులోని చాలా నాడీకణాల మీద వెంట్రుక లాంటి ఒక్కో చిన్న శైలిక ఉంటుంది, దాని మొదట్లో సెంట్రియోల్ ఉంటుంది. పిల్లలు వీటిని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు.

ఏప్రిల్ దాకా వారానికి రెండు సాయంత్రాలు దీనికి ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. పన్నెండు మంది పిల్లలు పేర్లు ఇచ్చారు. కొలతలు తప్పకుండా పెద్ద నమూనా కట్టాలి. కణంలో అది ఎక్కడెక్కడ ఉంటుందో నేల మీద గీసి చూడాలి. అది చేసే పని ఏదైనా బతికున్న కణంలో కళ్లారా చూడాలి. మూడోది ఎలా చేస్తామో ఇంకా తేలలేదు.

జనవరి 24

కొలతల రోజు. సెంట్రియోల్ సన్నని గొట్టాలతో అల్లిన ఒక పీపా. పొడవు సుమారు 500 నానోమీటర్లు, వెడల్పు సుమారు 250. గోడలో తొమ్మిది కట్టలు, కట్టకు మూడు సూక్ష్మనాళికలు, మొత్తం 27. ఒక్కో సూక్ష్మనాళిక 25 నానోమీటర్ల లావు.

దేంతో కట్టాలా అని చర్చ. స్ట్రాలు అన్నారు, చీపురు పుల్లలు అన్నారు, బొప్పాయి ఆకు కాడలు అన్నారు. అంతలో వాళ్ల నాన్న కరెంటు పని చేసే అబ్బాయి, "వైరింగు పైపు 25 ఎంఎం ఉంటుంది టీచర్" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆగిపోయాను. 25 నానోమీటర్లకు 25 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా పది లక్షల రెట్లు. నానోమీటరు ఉన్నచోటల్లా మిల్లీమీటరు అనుకుంటే చాలు. పిల్లలకు హెచ్చవేతలతో పనే లేదు. సెంట్రియోల్ పొడవు అర మీటరు, వెడల్పు పావు మీటరు అవుతుంది.

పైపు మూడు మీటర్లు వస్తుంది, ఆరు ముక్కలు చేయొచ్చు. సెంట్రియోల్స్ జంటగా ఉంటాయి కనుక రెండు కట్టాలి, 54 ముక్కలు. తొమ్మిది పైపులు సరిపోతాయి. ఇక్కడా తొమ్మిదే వచ్చిందని పిల్లలు సంబరపడ్డారు.

జనవరి 31

కోత మొదలైంది. చేతికి బొబ్బలు వచ్చే పని ఇది. అడ్డంగా కోయడం తేలికే. కష్టమంతా నిలువు కోత. కట్టలోని మూడు నాళికల్లో ఏ అనే మొదటిది మాత్రమే నిండు గొట్టం, దాని గోడలో 13 ప్రోటీన్ పోగులు ఉంటాయి. బీ, సీ నాళికలు ఒక్కోటి 10 పోగులవే. గోడలో కొంత భాగం లేకుండా పక్క నాళికకు ఆనుకుని, దాని గోడనే తమ గోడగా వాడుకుంటాయి. మా పైపు చుట్టుకొలత 78 మిల్లీమీటర్ల పైచిలుకు. 13తో భాగిస్తే పోగుకు 6. మూడు పోగుల వెడల్పు 18 మిల్లీమీటర్ల పట్టీని 36 ముక్కల నుంచి నిలువునా కోసి తీసేయాలి.

పట్టీ కోయకుండా మూడు పైపులు పక్కపక్కన అంటించేస్తే ఎవరికి తెలుస్తుంది అని ఒకడు అడిగాడు. ఎవరికీ తెలియదు. కానీ బీ, సీ నాళికలు ఒంటరిగా నిలబడలేవని, ఏ నాళిక గోడ లేకపోతే అవి లేవని చేతికి తెలియాలంటే కోయాల్సిందే. వాడే ఎక్కువ కోశాడు.

ఫిబ్రవరి 4

మొదటి పీపా చెడింది. తొమ్మిది కట్టలూ సిద్ధం చేసి, గోడ కట్టినట్టు గుండ్రంగా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టాం. బయటి కొలత 21, 22 సెంటీమీటర్లు దాటలేదు. 25 రావాలి. కట్ట వెడల్పు తప్పు కోశామేమో అని అన్నీ మళ్లీ కొలిచాం, సరిగానే ఉన్నాయి. టెన్షన్ పడ్డాను, జిగురు అప్పటికే ఆరిపోతోంది.

తప్పు అమరికలో ఉంది. కట్టలు వలయం వెంబడి పడుకోవు. ఏ నాళిక లోపలికి, సీ నాళిక బయటికి ఉండేట్టు ప్రతి కట్టా వాలుగా నిలుస్తుంది. కాగితపు గాలిమర రెక్కల్లా అన్నమాట. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలో అడ్డకోత చూస్తే ఆ వాలే ముందు కంటికి తగులుతుంది. నేనే ఆ బొమ్మను వాళ్లకు ముందుగా చూపించి ఉండాల్సింది. జిగురు ఊడదీసి, కట్టలను వాలుగా పెట్టి మళ్లీ కట్టాం. ఈసారి 24 సెంటీమీటర్ల పైన వచ్చింది.

ఫిబ్రవరి 11

రెండు పీపాలూ తయారు. రెండూ ఒకేలా ఉండకూడదు. జంటలో ఒకటి తల్లి, ఒకటి పిల్ల. కణం తన డీఎన్ఏను రెట్టింపు చేసుకునే దశలోనే, ఉన్న ప్రతి సెంట్రియోల్ పక్కనా లంబంగా ఒక కొత్తది మొలుస్తుంది. ఒకదానికి ఒకటే, రెండు కాదు. ఆ లెక్క తప్పి ఎక్కువ మొలిస్తే కణం విడిపోయేటప్పుడు రెండు ధ్రువాల బదులు మూడో నాలుగో ఏర్పడి క్రోమోసోముల పంపకం చెడుతుంది. క్యాన్సర్ కణాల్లో ఇలా ఎక్కువ సెంట్రోసోములు (సెంట్రియోల్ జంట, దాన్ని చుట్టి ఉండే పదార్థం కలిపి) తరచుగా కనిపిస్తాయి.

కొత్తది మొలిచేటప్పుడు లోపల బండి చక్రంలాంటి అచ్చు ఉంటుంది. నడుమ కుంభం, తొమ్మిది ఆకులు. సాస్-6 అనే ప్రోటీన్ ఆ చక్రాన్ని కడుతుంది. తొమ్మిది అనే అంకె ముఖ్యంగా అక్కడి నుంచే వస్తుంది. మన కణాల్లో విభజన ముగిసేసరికి ఆ చక్రం తీసివేయబడుతుంది. మేము రెండు పీపాల్లోనూ చక్రం బిగించాం. సంగతి గుర్తొచ్చి తల్లి పీపాలోంచి ఊడదీశాం.

తల్లికి పై అంచున తొమ్మిది కొక్కేలు ఉంటాయి, పిల్లకు ఇంకా ఉండవు. వీటికి పాత గొడుగు ఊచలు వాడాం. మా గొడుగుకు ఎనిమిది ఊచలే ఉన్నాయి, తొమ్మిదోది ఇంకో గొడుగులోంచి తీశాం. ఈ కొక్కేలను పిల్లలు అలంకారం అనుకున్నారు. సెంట్రియోల్ కణం పొరకు అతుక్కోవడానికి ఉన్న పట్టు ఇదేనని, దీని పని తరువాత చూస్తామని చెప్పాను. ఇంకో సవరణ కూడా చేశాం. పై కొసన సీ నాళిక ముందే ఆగిపోతుంది, ఏ, బీ మాత్రం పైదాకా వెళతాయి. కనుక తొమ్మిది సీ పైపులను పైన పది సెంటీమీటర్లు తగ్గించాం.

ఫిబ్రవరి 18

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రోజు ఇది.

పది లక్షల రెట్ల స్కేలులో 20 మైక్రోమీటర్ల కణం 20 మీటర్లు అవుతుంది. బడి ఆవరణలో నడుమ మేకు కొట్టి, పది మీటర్ల తాడుతో వలయం గీసి, దాని మీద ముగ్గు పోశాం. కణం పొర మందం 7, 8 నానోమీటర్లు. అంటే మా బొమ్మలో 7, 8 మిల్లీమీటర్ల గీత. వేళ్ల మధ్య నుంచి జారే ముగ్గు గీత ఇంచుమించు అంతే లావు వస్తుంది. చెయ్యి తిరిగిన ఆడపిల్లలు ఇద్దరు వలయమంతా ఒకే సన్నంలో పోశారు. నడుమ ఏడు మీటర్ల కేంద్రకం గీశాం. అది మా తరగతి గది అంత ఉంది.

తరువాత రెండు పీపాలనూ కేంద్రకం అంచుకు దగ్గరగా, ఒకదానికొకటి లంబంగా పెట్టాం. మేడ మీదికి ఎక్కి చూస్తే, అంత పెద్ద ముగ్గులో రెండు చిన్న బిందెల్లా ఉన్నాయి. "ఇంతేనా టీచర్! పుస్తకంలో ఇంత పెద్దగా వేశారే" అన్నారు. పుస్తకం బొమ్మలో అది కేంద్రకంలో సగం ఉంటుంది, పేరు కనబడటానికి అలా వేస్తారు.

ఆ చోటు పేరుకు తగ్గట్టే కణానికి నడుమ. రెండు పీపాల చుట్టూ కొబ్బరి పీచు దట్టంగా పరిచాం. అది సెంట్రియోల్స్‌ను చుట్టి ఉండే ప్రోటీన్ పదార్థం. ఆ రెండూ, ఈ పీచూ కలిస్తే సెంట్రోసోము. మొదట పిల్లలు తాళ్లను పైపులకే కట్టారు. విప్పించాను. కణమంతా పరుచుకునే సూక్ష్మనాళికలు సెంట్రియోల్ నుంచి మొలవవు, చుట్టూ ఉన్న ఆ పదార్థంలోని గామా ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ వలయాల నుంచి మొలుస్తాయి. సెంట్రియోల్ చేసే పని ఆ పదార్థాన్ని ఒకచోట పోగుచేసి పట్టి ఉంచడం. తాళ్లను పీచులో నుంచి మొదలుపెట్టి పొర దాకా లాగాం. కణంలో సరుకులు మోసే దారులివే.

ఫిబ్రవరి 19

ముగ్గు గాలికి చెదరకముందే కణవిభజన ఆట ఆడాం. జంటలను రెండు చేసి, పన్నెండు మీటర్ల దూరంలో రెండు ధ్రువాలకు జరిపాం. రెండో జంటకు పైపులు లేవు కనుక ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాం. నడుమ క్రోమోసోములు. పాటూరు అమ్మాయి ఇంటి నుంచి మగ్గం కింద మిగిలిన జరీ అంచు ముక్కలు తెచ్చింది, రెండేసి ముక్కలను పిన్నీసుతో కలిపాం. తాళ్లన్నీ రెండు ధ్రువాల నుంచి నడుమకు చేరాక మేడ మీది నుంచి చూసి ఆ పిల్ల, "ఇది కండె గదా!" అంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో. "కండె పరికరం" అని పరీక్షల్లో రాస్తారు గాని, నాడెలో పెట్టే నూలు కండె పేరే అదని చాలామంది పిల్లలకు తట్టదు. మర్నాడు ఒక కండె తెచ్చి అందరికీ చూపించమని చెప్పాను. నడుమ లావు, కొసలు సన్నం.

తాడు పట్టుకున్న పిల్లలు టగ్ ఆఫ్ వార్ ఆడినట్టు లాగేశారు. అలా కాదని ఆపాను. పోగు కొసల నుంచి, అది కట్టుకున్న ట్యూబ్యులిన్ ప్రోటీన్ ముక్కలు రాలిపోతూ పోగు పొట్టిదవుతుంది, క్రోమోసోము ధ్రువం వైపు కదులుతుంది. తాడును చేతిలో చుట్టుకుంటూ నడవమన్నాను.

రెండో ఆటలో సెంట్రియోల్స్‌ను, పీచును తీసి పక్కన పెట్టించాను. "ఇప్పుడు కండె కట్టండి" అన్నాను. కాసేపు గందరగోళం. ఎవరి తాడు కొస ఎక్కడ పెట్టాలో తెలియలేదు. క్రోమోసోముల చుట్టూ నిలబడి తాళ్లు చాచమన్నాను, మరో ఇద్దరు పిల్లలను మోటారు ప్రోటీన్లుగా పెట్టి కొసలను దగ్గరికి కట్టగట్టమన్నాను. ఆలస్యమైంది. చివరికి కట్టారు. కొసలు మాత్రం సూదిగా రాలేదు, మొత్తం పీపాలా వచ్చింది. ఉల్లిపాయ చేసేది దాదాపు ఇదే. మనిషి అండకణం కూడా సెంట్రియోల్స్ లేకుండానే తన విభజన కానిస్తుంది. ఫలదీకరణలో సెంట్రియోల్‌ను శుక్రకణం తెస్తుంది.

అంటే సెంట్రియోల్ ఉంటే కండె త్వరగా, చక్కగా, సరైన దిక్కుకు ఏర్పడుతుంది. లేకపోయినా ఏర్పడుతుంది. జనవరి ప్రశ్నకు సగం జవాబు దొరికింది.

ఫిబ్రవరి 27

మైపాడు వైపు నుంచి వచ్చే పిల్లవాడు కాలువ దగ్గర అమ్మే ఆలిచిప్పలు కొన్ని బతికున్నవి తెచ్చాడు, వాటి నీళ్లతో సహా. ఒకటి తెరిచి, మొప్పలోంచి గోరంత ముక్క కత్తిరించి, ఆ ఉప్పునీటి చుక్కలోనే స్లైడు మీద పెట్టాం. సన్నటి బొగ్గుపొడి చిటికెడు.

45 లెన్సులో మొప్ప అంచున మెరుపు పరుగెత్తుతున్నట్టు కనిపించింది. కోతకొచ్చిన వరి మీద గాలి అల వెళ్లినట్టు. బొగ్గు రేణువులు ఆ అంచు వెంట బారులు తీరి కొట్టుకుపోతున్నాయి. ఆలిచిప్ప నీళ్లు పీల్చేదీ, తిండి వడకట్టుకునేదీ ఈ శైలికలతోనే. జీవి నుంచి కోసి తీసిన ముక్క కూడా గంటకు పైగా ఆడుతూనే ఉంది. పన్నెండు మందీ రెండేసి సార్లు చూశారు, వంటామె కూడా వచ్చి చూసింది.

ఆ ప్రతి వెంట్రుక మొదట్లోనూ ఒక సెంట్రియోల్ ఉంది. అక్కడ దాని పేరు బేసల్ బాడీ. పేరు మారింది, చోటు మారింది, వస్తువు అదే. తొమ్మిది కొక్కేలతో పొరకు అతుక్కుంటుంది, దానిలోని ఏ, బీ నాళికలు పైకి పెరిగి శైలికలో తొమ్మిది జంటలవుతాయి, కదిలే శైలికల్లో చాలావాటికి నడుమ మరో రెండు చేరతాయి. మేము సీ పైపులు పైన ఎందుకు తగ్గించామో పిల్లలకు అప్పుడు అర్థమైంది. మన శ్వాసనాళంలోని శైలికా కణానికి 200 పైగా శైలికలు ఉంటాయి. అంటే విభజన కోసమైతే రెండు జంటలు చాలు అనుకునే కణం, ఇక్కడ వందల సెంట్రియోల్స్ తయారుచేసి పైపొర కింద బారులు తీరుస్తుంది.

సాయంత్రం తల్లి పీపాను ముగ్గు వలయం అంచుకు మోసుకెళ్లి, గీతకు ఆనించి పెట్టి, దాని ముందు ఆరు మీటర్ల సర్వి కర్రను బయటికి పడుకోబెట్టాం. శ్వాసనాళపు శైలిక పొడవు ఇంచుమించు అంతే.

సెంట్రియోల్‌ను మా మైక్రోస్కోపులో చూడగలమా అని ఒకరు అడిగారు. చూడలేం. మామూలు కాంతి మైక్రోస్కోపుకు సుమారు 200 నానోమీటర్ల దగ్గర హద్దు ఉంది, సెంట్రియోల్ వెడల్పు ఆ హద్దు మీదే ఉంటుంది. గుర్రపు ఏలికపాము గుడ్లను పరిశీలించిన జర్మన్ జీవశాస్త్రవేత్త థియోడర్ బోవెరి 1888లో సెంట్రోసోము అని పేరు పెట్టినప్పుడు ఆయనకు కనిపించిందీ చుక్కే. లోపలి తొమ్మిది కట్టలు 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశాకే తెలిశాయి. చుక్కను చూసి ఇంత ఊహించిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

మార్చి 6

వాన వచ్చేలా ఉందని బయటి పని ఆపి, గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. 2006లో వచ్చిన పండు ఈగల ప్రయోగం గురించి చెప్పాను. సెంట్రియోల్స్ కట్టడానికి అవసరమైన ఒక జన్యువు చెడిన ఈగలు అవి. తల్లి గుడ్డులో ఉంచిన నిల్వతో మొదలవుతాయి, అది అయిపోయాక కణాల్లో సెంట్రియోల్స్ ఉండవు. అయినా ఆ ఈగలు రెక్కలతో, కళ్లతో, పూర్తి శరీరంతో పెరిగాయి. గూటిలోంచి బయటికి వచ్చాక మాత్రం నిలబడలేవు, నడవలేవు, త్వరలోనే చనిపోతాయి. స్పర్శను, కదలికను గ్రహించే నాడీకణాలకు శైలికలు లేకపోవడమే కారణం.

గదిలో నిశ్శబ్దం. ఆ తరువాత కరెంటు పని అబ్బాయి, "అయితే విభజన ఆగలే. శైలిక ఆగిపోయింది" అన్నాడు. నేను ఇన్ని రోజులుగా చెప్పాలనుకున్నది అదే, వాడి నోటి నుంచి వచ్చింది.

మనుషుల విషయంలో ఈగల లెక్క అంత తేలిక కాదని కూడా చెప్పాను. సెంట్రియోల్స్ లేని మనిషి కణాల్లో కండె నెమ్మదిగా ఏర్పడుతుంది, తప్పులు పెరుగుతాయి, చాలా కణాలు విభజనే మానుకుంటాయి. సెంట్రియోల్ జన్యువులు కొన్ని చెడితే పిల్లలు చిన్న మెదడుతో పుడతారు. శైలికల కదలిక పుట్టుకతోనే లేనివాళ్లకు శ్వాసనాళంలో కఫం బయటికి పోక తరచూ జబ్బు చేస్తుంది. వాళ్లలో దాదాపు సగం మందికి గుండె కుడివైపు ఉంటుంది, ఎందుకంటే పిండంలో ఎడమ కుడి తేల్చేది కూడా శైలికల ఊపే. దీని మీద ప్రశ్నలు అరగంట నడిచాయి.

మార్చి 17

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. కోతలు అయిన కయ్యల్లోకి పొద్దున్నే వెళ్లాం. మేం వెతికింది నాలుగు ఆకుల నీటి ఫెర్న్, మార్సీలియా. నీళ్లున్నప్పుడు కయ్యల్లోనూ గెనాల పక్కనా తేలుతూ ఉండే, అదృష్టపు ఆకు అని పిల్లలు తెంపుకునే మొక్క. నీళ్లు ఆరాక దాని కాడల మొదట్లో మినప గింజంత నల్లటి గట్టి కాయలు మిగులుతాయి. వాటిని స్పోరోకార్పులు అంటారు, పూలు కాయించినవి కావు, లోపల సిద్ధబీజాలు ఉంటాయి.

ఇది ఎందుకంటే, ఈ మొక్క ఆకుల్లో, వేళ్లలో, కాడల్లో ఎక్కడా సెంట్రియోల్ లేదు. ఉల్లిపాయ లాగే లేకుండా విడిపోతుంది. కానీ దీని పుంబీజం, అంటే మగ బీజకణం, నీళ్లలో ఈదాలి. అందుకు కశాభాలు, అంటే కొరడాల్లాంటి తోకలు, కావాలి. కశాభానికి మొదట్లో బేసల్ బాడీ కావాలి. అప్పుడు, ఆ కొద్ది గంటల్లో, తల్లి సెంట్రియోల్ అనేదే లేకుండా కణం కొత్తగా సెంట్రియోల్స్‌ను పుట్టిస్తుంది. ఒక ముద్దలోంచి వందకు పైగా. పని ముందు, వస్తువు తరువాత. ఆ అమ్మాయి ప్రశ్నకు మొక్కే జవాబు చెబుతుంది, చూడగలిగితే.

రెండు గంటలు ఎండలో వెతికి 31 కాయలు ఏరాం.

మార్చి 20

మొదటి ప్రయత్నం పోయింది. ఐదు కాయలు నీళ్ల గ్లాసులో వేసి ఉంచాం, రెండు రోజులైనా కదల్లేదు. పెంకు రాయిలా ఉంది, నీళ్లు లోపలికి పోవడం లేదు. పైపులు నునుపు చేసిన గరుకు కాగితం మీద ఇంకో నాలుగు కాయలను ఒక అంచున, లోపలి తెలుపు కనిపించే దాకా అరగదీసి, బడి వదిలే ముందు నీళ్లలో వేశాను.

ఇరవై నిమిషాల్లో కాయ విచ్చుకుని, లోపలి నుంచి జిగురు తీగ ఒకటి వానపాములా సాగుతూ బయటికొచ్చింది. దానికి రెండు వరసల్లో సంచులు. పిల్లలు ఇళ్లకు వెళ్లకుండా చుట్టూ నిలబడ్డారు. ఆ తీగ గ్లాసు అడుగు దాకా సాగింది. మర్నాడు పొద్దున స్లైడులో చూస్తే కదిలేది ఏదీ లేదు. మేము ఆలస్యంగా చూశాం.

మార్చి 25

అమెరికాలో పెరిగే మార్సీలియా జాతి ఒకదాన్ని బాగా పరిశీలించారు. దానిలో, 20 డిగ్రీల దగ్గర, నీళ్లు తగిలినప్పటి నుంచి పుంబీజాలు ఈదడానికి సుమారు 11 గంటలు. ఆ లోపు తొమ్మిది విడతల విభజనలు జరిగి 32 పుంబీజ కణాలు వస్తాయి. ఆ లెక్కన మధ్యాహ్నం మొదలుపెడితే ఆ క్షణం అర్ధరాత్రి పోతుంది. కనుక నిన్న రాత్రి పదింటికి ఇంట్లో కాయలు అరగదీసి నీళ్లలో వేశాను. గ్లాసు చుట్టూ తడిగుడ్డ చుట్టి, కిటికీ దగ్గర పెట్టాను. పొద్దున బస్సులో గ్లాసును ఒళ్లో పట్టుకుని తెచ్చాను.

ఎనిమిదింటికి చూస్తే ఏమీ లేదు. ఎనిమిదింబావుకు లేదు. పెద్ద సిద్ధబీజం చుట్టూ ఉన్న జిగురు పొర అంచున దృష్టి పెట్టి ఉంచాం. ఎనిమిదిన్నర దాటాక పాటూరు అమ్మాయి కన్ను తీయకుండా, "తిరుగుతోంది" అంది. మాట చాలా మెల్లగా వచ్చింది. నేను చూశాను. స్క్రూ మరలా చుట్టలు తిరిగిన చిన్న తీగ, గిరగిరా తిరుగుతూ జిగురులోకి దూసుకుపోతోంది. ఆ తరువాత ఇంకొకటి. కొద్దిసేపటికి ఆ జిగురు గరాటు దగ్గర పదులు చేరాయి. కశాభాలు విడివిడిగా కనిపించలేదు, చుట్ట మీద వణుకులా మాత్రమే తెలిసింది. ఆ వణుకు కింద ఒక్కో కశాభానికి ఒక్కో సెంట్రియోల్, నిన్న రాత్రి పదింటికి ఆ కణాల్లో ఒక్కటీ లేనిది.

నాకు కళ్లు చెమర్చాయి. పిల్లలు వరసలో తోసుకున్నారు, తొమ్మిదింటికి ఇంగ్లీషు పీరియడ్ ఉందని ఎవరికీ గుర్తు లేదు. సైన్సు గదికి వచ్చిన ఇంగ్లీషు మాస్టారు కూడా వరసలో నిలబడి చూసి, వాళ్లను ఇంకో పది నిమిషాలు ఉండనిచ్చారు.

ఏప్రిల్ 8

పరీక్షల ముందు చివరి సాయంత్రం. పీపాలను సైన్సు గది దూలానికి నైలాన్ తాడుతో వేలాడదీశాం, లంబంగానే. పిల్ల పీపాలో చక్రం ఆకు ఒకటి విరిగింది, వెదురుతో కొత్తది చేసి అతికించాం. కొబ్బరి పీచు దుమ్ము పడుతోంది, దాన్ని సంచిలో కట్టి పెట్టాం. కింద అట్ట మీద పిల్లలే రాశారు. ఏ చోట ఉంటే ఏ పని అని మూడు వరసలు: కేంద్రకం పక్కన, విభజనలో ధ్రువాల దగ్గర, పొర కింద శైలిక మొదట్లో. మొక్కల గురించి రాసే చోట "ఉండవు" అని రాసి, పాటూరు అమ్మాయి దాన్ని కొట్టేసి "ఈదాల్సి వస్తే పుట్టిస్తాయి, ఫెర్నుల్లో, నాచుల్లో, సైకస్‌లో" అని రాసింది. పూల మొక్కల్లో పుంబీజం ఈదదు, పుప్పొడి నాళమే దాన్ని మోసుకెళుతుంది, కనుక వాటికి ఆ అవసరం కూడా లేదని పక్కన చిన్న అక్షరాల్లో చేర్చింది.

గైడులోని ఆ రెండు బిట్లకు పరీక్షలో ఏం రాయాలని అడిగారు. సరైనది రాయండి, ఎందుకో ఒక వాక్యం కూడా రాయండి అన్నాను. మా బడి పేపర్లు దిద్దేది నేనే.

ఇంకా 14 కాయలు మిగిలాయి. ఎండిన చోట ఉంచితే ఏళ్ల తరబడి పాడవవు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో వేసి, ఏరిన తేదీ, కయ్య ఉన్న చోటు చీటీ మీద రాసి, బీరువా పై అరలో పెట్టాను. గరుకు కాగితం ముక్క కూడా అందులోనే ఉంది.